చేపలు బతికిన గది

శుక్రవారం సాయంత్రం 4.40.

దాల్వా పెరటి గది తలుపు తోసింది. తోసిన చెయ్యి దించకుండానే రెండడుగులు వెనక్కి వేసింది.

ఘాటు. కళ్ళు మండించే ఘాటు. పీవీసీ పైపులు అతికించే సొల్యూషన్ వాసన.

"అన్నయ్యా!"

లోపల్నించి పలుకు లేదు.

చేతిసంచిలోంచి రుమాలు లాగి ముక్కుకు అదిమిపట్టింది. లోపలికి దూసుకెళ్ళింది. గోడల పొడుగునా అద్దాల ట్యాంకులు. పద్దెనిమిది. అన్నిటిలోనూ దీపాలు వెలుగుతున్నాయి. మూడో ట్యాంకు కింద, సిమెంటు నేల మీద, ఆమె అన్న బెలార్మీనో బోర్లా పడి ఉన్నాడు. కుడిచేతి పక్కన సొల్యూషన్ డబ్బా ఒరిగి ఉంది. కారిందంతా నేల మీద పాకింది. రెండు కిటికీలకూ లోపల్నించి గడియ.

కాళ్ళు పట్టుకుని అన్నను వరండాలోకి ఈడ్చింది. గొంతు చించుకుని అరిచింది.

పక్కింటి ప్లంబర్ క్లెబర్ గోడ దూకి వచ్చాడు. 4.58కి అంబులెన్స్ వచ్చింది. లాభం లేకపోయింది. మనిషి పోయి చాలాసేపైంది.

5.20కి ఇన్‌స్పెక్టర్ జురేమా జీపు దిగింది. బెలెం నగరంలో ఇరవై ఏళ్ళ సర్వీసు. తక్కువ మాట్లాడుతుంది. ఎక్కువ చూస్తుంది. వెనకే కాన్‌స్టేబుల్ వాల్దెసీర్, చంకలో ఫైలుతో.

వాల్దెసీర్ డబ్బాను గ్లవ్స్‌తో ఎత్తి, దాని మీది అక్షరాలు పైకి చదివాడు.

"గాలి ఆడే చోట మాత్రమే వాడవలెను. మంటకు దూరంగా ఉంచవలెను. చూశారా మేడమ్? ఇంత లావు అక్షరాలతో రాశారు. పెద్దాయన వాన పడుతోందని కిటికీలు మూసుకుని కూర్చున్నాడు. యాక్సిడెంట్. రాసేయనా?"

"పెన్ను మూత పెట్టు," అంది జురేమా.

దాల్వా వంటింటి మెట్టు మీద కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఊగుతోంది.

"నేనే చంపాను," అంది.

వాల్దెసీర్ పెన్ను మూత మళ్ళీ ఊడింది.

"ఏం చేశారు?" జురేమా ఆమె పక్కనే కూర్చుంది.

"మొన్న తగువు పెట్టుకున్నాను. వరండాలో కూర్చుని ఆ కంపు అతికిస్తావు, నా వంటలోకి వస్తుంది, లోపలికి పోయి తలుపేసుకుని ఏడువు అన్నాను. నోటికొచ్చింది అనేశాను. వాడు నిజంగానే తలుపేసుకున్నాడు."

"అంతకు ముందెప్పుడూ లోపల అతికించలేదా?"

"పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా లేదు. అదిగో, ఆ బల్ల మీదే. ముక్క ఇక్కడ తయారు చేస్తాడు. మర్నాటి దాకా ఆరబెడతాడు. అప్పుడు లోపలికి తీసుకెళ్ళి, మళ్ళీ విప్పడానికి వీలుగా యూనియన్ జోడుతో మర బిగిస్తాడు. ఆ గదిలో సొల్యూషన్ డబ్బా మూత తియ్యడమంటే వాడికి పాపం చేసినట్టు."

"మీరు ఎన్నింటికి బయటికెళ్ళారు?"

"ఒంటిగంటన్నరకి. చర్చిలో పాటల ప్రాక్టీసు. ఆరింటికి గానీ రాను. ఇవాళ ఫాదర్‌కి జ్వరం. తొందరగా వదిలేశారు."

జురేమా లేచి గదిలోకి వెళ్ళింది. ఇప్పుడు తలుపు, కిటికీలు బార్లా తీసి ఉన్నాయి. అయినా గొంతులో గీరుతోంది.

ట్యాంకుల మీద గాజు మూతలు. అడుగున మట్టి గొట్టాలు. గొట్టాల్లోంచి వేలెడంత చేపలు తొంగిచూస్తున్నాయి. నలుపు, తెలుపు చారలు. షింగు నదిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టని జీబ్రా అకారీలు. నదిలోంచి పట్టడం నేరం. ఇంట్లో పెంచడానికి లైసెన్సు కావాలి. బెలార్మీనోకి ఆ లైసెన్సు ఉంది.

ఒక చేప అద్దానికి నోరు ఆనించి నింపాదిగా నాచు గీకుతోంది. ప్రతి ట్యాంకులోనూ బుడగలు పైకి వస్తున్నాయి.

"ఒక్కటీ చావలేదేం?" అంది జురేమా.

"వాటికేం మేడమ్," అన్నాడు వాల్దెసీర్. "నీళ్ళలో ఉన్నాయిగా."

జురేమా మూడో ట్యాంకు కింద వంగింది. పైపు మలుపు దగ్గర కొత్తగా అతికించిన ఎల్బో. సొల్యూషన్ చుట్టూ బొట్లుబొట్లుగా కారింది. దాని పక్క జాయింట్లన్నీ చూసింది. ఒక్కో దాని మీద నల్ల మార్కర్‌తో చిన్న అంకెలు. తేదీ. టైమ్. కొత్త ఎల్బో మీద ఏమీ లేదు.

5.32. గేటు దగ్గర గలాటా.

"నన్ను వదలండి! వాడు నా స్నేహితుడు!"

అరవై ఏళ్ళ మనిషి. తడిసిన గొడుగు. పేరు లౌరీవల్. అక్వేరియం క్లబ్బు సెక్రటరీ. బెలార్మీనోతో ఇరవై రెండేళ్ళ స్నేహం. వరండాలో దుప్పటి కప్పిన శవం పక్కనుంచే గదిలోకి వెళ్ళాడు. ట్యాంకులన్నీ వరసగా చూశాడు. అప్పుడు బయటికొచ్చి, దుప్పటి ముందు కూలబడి, వెక్కివెక్కి ఏడ్చాడు.

జురేమా అతని ఏడుపు అయ్యేదాకా ఆగింది.

"మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎక్కడున్నారు?"

"ఇంట్లో. వానగా, పడుకున్నాను."

"ఒక్కరేనా?"

"భార్య పోయి అయిదేళ్ళు."

"మీకూ ట్యాంకులున్నాయా?"

"పన్నెండు."

"పైపుల పని మీరే చేసుకుంటారా?"

"నేనా?" ముక్కు తుడుచుకున్నాడు. "నాకు గోడకి మేకు కొట్టడం కూడా రాదమ్మా. మా ఇంట్లో పైపులన్నీ వీడే వేశాడు. ఇంక నాకెవరు వేస్తారు?"

వాల్దెసీర్ ఆ గదిలోకీ వరండాలోకీ వచ్చినవాళ్ళ వేలిముద్రలు తీసుకోవడం మొదలుపెట్టాడు. దాల్వా, క్లెబర్, లౌరీవల్. క్లెబర్ వంతు వచ్చినప్పుడు అతని చూపు బల్ల మీద సంచిలో పెట్టిన డబ్బా మీద పడింది. మొహం పాలిపోయింది.

"అది... అది నా డబ్బా."

"ఏంటీ?"

"అడుగున చూడండి. మేకుతో కే అని గీశాను. బుధవారం నుంచి కనబడటం లేదు. నా పనిముట్ల పెట్టెలోంచి పోయింది."

వాల్దెసీర్ డబ్బా తిప్పాడు. కే.

బల్ల కింద అలమరలో బెలార్మీనో సొంత డబ్బాలు మూడున్నాయి. చిన్నవి. మూతలు గట్టిగా బిగించినవి.

"నీకూ ఆయనకీ పడదట కదా?" అన్నాడు వాల్దెసీర్.

"ఎవరు చెప్పారు?"

"వీధంతా చెబుతోంది."

"పడకపోవడమేంటి సార్! పైపుల సామాను కొట్లో నలుగురి ముందూ నన్ను పట్టుకుని, వీడు పైపు జాయింటుకి సిలికాన్ పూస్తాడు, వీడూ ఒక ప్లంబరేనా అన్నాడు. నాకు మండింది. నేనూ నాలుగన్నాను. అంతే! దానికి మనిషిని చంపుతారా?"

"ఆయన అన్నది నిజమేనా?" అడిగింది జురేమా.

క్లెబర్ తల గోక్కున్నాడు. "నిజమే. సిలికాన్ పీవీసీని పట్టదు. పైపైన కూర్చుంటుంది. ఒత్తిడి తగిలితే ఊడుతుంది. తొందరలో ఒకచోట అలా చేశాను."

"మరి సరిగ్గా ఎలా చెయ్యాలి?"

"ఆ పెద్దాయనకి అదో పూజ మేడమ్. గోడ మీంచి రోజూ చూసేవాణ్ణి. ముందు ఉప్పుకాగితంతో పైపు మెరుపు పోయేదాకా గీకాలి. గుడ్డతో దుమ్ము తుడవాలి. సొల్యూషన్ రెండు ముక్కలకీ పల్చగా పుయ్యాలి. లోపలికి నెట్టి పావు వంతు తిప్పాలి. ముప్ఫై లెక్కపెట్టేదాకా చెయ్యి వదలకూడదు. పైకి ఉబికింది తుడిచెయ్యాలి. ఒక రోజు ఆరాకే నీళ్ళు. చేతులకి గ్లవ్స్. పక్కన సిగరెట్టు వెలిగిస్తే నన్ను తరిమేవాడు. సొల్యూషన్ అంటే జిగురు కాదురా, అది ప్లాస్టిక్‌ని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది, దానితో ఆటలొద్దు అనేవాడు."

"ఇలాంటి మనిషి కిటికీలు మూసుకుని డబ్బా తెరిచాడంటావా?"

క్లెబర్ చూపు మళ్ళీ సంచిలోని డబ్బా మీదికి పోయింది. అది ప్రమాదం కాదంటే హత్యే. డబ్బా అతనిది.

ఇంతలో వరండా అవతల నుంచి దాల్వా గొంతు వినిపించింది. తనలో తను గొణుక్కుంటోంది.

"వాషింగ్ మెషీన్ ప్లగ్గు ఎవరు పీకారు? రేపు వాడికి తెల్లచొక్కా ఉతికి తొడగాలి కదా..."

జురేమా అటు నడిచింది.

వాషింగ్ మెషీన్ ప్లగ్గు నేల మీద పడి ఉంది. దాని సాకెట్లో ఇంకో తీగ. ఆ తీగ చివర, స్టూలు మీద, బూడిద రంగు యంత్రం గుర్రుమంటోంది. వాన జల్లు కొట్టి ఇంకా తడిగానే ఉంది. దాన్నుంచి ఒక పైపు ముక్క, ఎల్బోతో మలుపు తిరిగి, గోడలో రంధ్రంలోంచి గదిలోకి దూరింది.

"ఇదేంటి?"

"గాలి పంపు," అన్నాడు క్లెబర్. "చుట్టూ ఉన్న గాలి పీల్చి ట్యాంకుల్లోకి ఊదుతుంది. ఈ అకారీలకి గాలి ఒక గంట ఆగితే చాలు, చచ్చి తేలతాయి."

"ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా?"

"లేదమ్మా," అంది దాల్వా. "పొద్దున నేను రెండు బకెట్ల బట్టలు వేశాను. అప్పుడిక్కడ ఏమీ లేదు."

జురేమా గదిలోకి వెళ్ళి చూసింది. తలుపు పక్క అలమర మీద దుమ్ము. దుమ్ము మధ్యలో నాలుగు పలకల శుభ్రమైన చోటు. పంపు పట్టేటంత. ట్యాంకుల నీళ్ళు మార్చేటప్పుడు పైపు బయటికి తియ్యడానికి గోడకి కొట్టిన రంధ్రం దాని కిందే ఉంది.

"ఆ పంపు మీద ముద్రలు తియ్యి," అంది వాల్దెసీర్‌తో.

పది నిమిషాల తరవాత వాల్దెసీర్ పెదవి విరిచాడు. "వాన కడిగేసింది మేడమ్. ఒక్కటీ లేదు."

జురేమా వంగి పైపు ముక్కను చాలాసేపు చూసింది. ఎల్బో దగ్గర వేలు ఆనించబోయి ఆగిపోయింది.

"చివర యూనియన్ విప్పు. ఈ ముక్కను విడిగా ల్యాబ్‌కి పంపు. ముందు ఆ చేపలకి వేరే దారిన గాలి ఏర్పాటు చెయ్యి."

6.50కి కమిషనర్ ఫోన్.

"జురేమా, ఏంటిది? ముసలాయన జిగురు పీల్చి పోయాడు. అంతేగా?"

"కాదు సార్. హత్య."

"అయితే ఆ ప్లంబర్ డబ్బా అంట కదా. లోపలెయ్యి. రేపు సాయంత్రం అయిదుకి ఫైలు నా టేబుల్ మీద ఉండాలి. యాక్సిడెంటో, ప్లంబరో. రెండిట్లో ఒకటి తేల్చు."

క్లెబర్ చేతులకి బేడీలు పడ్డాయి. అతని భార్య జీపు వెనక వీధి చివరి దాకా పరిగెత్తింది. ఎవరో గోడ మీంచి, "సిలికాన్ పూసే చేతులు! మనిషిని మాత్రం గట్టిగా అతికించాడు!" అని అరిచారు. నవ్వులు వినిపించాయి.

జురేమా వెనక్కి తిరిగి చూసింది. నవ్వులు ఆగిపోయాయి.

శనివారం ఉదయం 9.10. ఆసుపత్రి డాక్టర్ రిపోర్టు ఆమె ముందు పెట్టాడు.

"చావు రెండున్నరకీ మూడున్నరకీ మధ్య. ఊపిరితిత్తుల్లో సొల్యూషన్ ఆవిరి ఉంది. అదొక్కటే అయితే తల తిరగ్గానే మనిషి లేచి బయటికి పరిగెత్తేవాడు. రక్తంలో నిద్రమందు ఉంది. కడుపులో కుపువాసు పళ్ళ జ్యూసు."

ఫోన్ తీసింది. "దాల్వా గారూ, మీ అన్నయ్య నిద్రమాత్రలు వేసుకుంటారా?"

"వాడా? నది పడవల్లో ఇంజన్ల పక్కన ముప్ఫై ఏళ్ళు నిద్రపోయినవాడు. వాడికి మాత్రలెందుకమ్మా?"

"నిన్న ఇంట్లో కుపువాసు ఉందా?"

"లేదే. నాకు పడదు. కొననే కొనను."

ఎవరో తెచ్చారు. బెలార్మీనో నమ్మి జ్యూసు తాగేటంత దగ్గరివాళ్ళు. క్లెబర్ తెస్తే బెలార్మీనో తాగుతాడా?

11.00. రేవు దగ్గర చేపల ఎగుమతి ఆఫీసు. యజమాని ఒతాసీలియో. లావుపాటి మనిషి. ఏసీ గదిలో కూడా చెమట.

"బెలార్మీనో చేపలు కొనేవారా?"

"కొనేవాణ్ణి మేడమ్. అన్నీ కాగితాలతోనే. ఇంట్లో పుట్టినవని ఆయన సంతకంతో సర్టిఫికెట్లు ఉన్నాయి. చూసుకోండి."

జురేమా కాగితాలు తిరగేసింది.

"ఈ ఏడాది నూట నలభై చేపలా?"

"అవును."

"ఆ గదిలో ఏడాదికి ఎన్ని పిల్లలు అవుతాయి?"

"నాకేం తెలుసు? నేను వ్యాపారిని. చేపల కాన్పులు నేను లెక్కపెడతానా?"

"కాగితాలు ఎవరు తెచ్చిచ్చేవారు? బెలార్మీనోనా?"

ఒతాసీలియో చెమట తుడుచుకున్నాడు. "ఆయన రారు. లౌరీవల్ తెచ్చేవాడు. చేపల్ని కూడా."

"బెలార్మీనోతో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"మంగళవారం. ఆయనే ఫోన్ చేశాడు. నా పేరు మీద ఎన్ని కొన్నావు అని అడిగాడు. నూట నలభై అన్నాను. నా గదిలో ఏడాదికి ముప్ఫై దాటవయ్యా అని ఫోన్ పెట్టేశాడు."

"మీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది," అన్నాడు చిన్నగా. "రానివ్వలేదు."

"నాలుగింటికి బెలార్మీనో ఇంటికి రండి. రాకపోతే నేనే వస్తాను."

సాయంత్రం 4.15. ఆ రోజు వాన అప్పుడే వెలిసింది. చూరు నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి.

వరండాలో దాల్వా, లౌరీవల్, ఒతాసీలియో. బేడీలతో క్లెబర్. కమిషనర్ పెట్టిన గడువు ఇంకా నలభై అయిదు నిమిషాలు.

బల్ల మీద ఒక పైపు ముక్క, ఒక ఎల్బో, బెలార్మీనో అలమరలోని చిన్న డబ్బా.

"వాల్దెసీర్, ఆ రెండిటినీ అతికించు," అంది జురేమా.

"నేనా?"

"నువ్వే."

వాల్దెసీర్ మూత తీసి, పైపు చివర సొల్యూషన్ దండిగా పూసి, ఎల్బోలోకి తోశాడు. చేతి నిండా అంటుకుంది. ఛీ అంటూ ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు లోపలికి తీసుకెళ్ళి నాలుగో ట్యాంకుకి బిగించు. నీళ్ళు వదులు."

వాల్దెసీర్ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల అడుగు పెట్టాడు.

లోపల మర తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఆగు!"

లౌరీవల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పచ్చి సొల్యూషన్ రా అది! రోజు ఆరకుండా నీళ్ళు వదిలితే ట్యాంకంతా విషమవుతుంది. పైపు గీకలేదు, తిప్పలేదు, పట్టుకోలేదు... అది నిలవను కూడా నిలవదు. నాలుగో ట్యాంకులో గుడ్లున్నాయి!"

"బయటికి రా వాల్దెసీర్," అంది జురేమా. "నీళ్ళు ఎప్పుడో కట్టేశాంలే."

తరవాత లౌరీవల్ వైపు తిరిగింది.

"మేకు కొట్టడం కూడా రాదన్నారు."

"వాడు చేస్తుంటే చూశాను. ఇరవై రెండేళ్ళు చూశాను. అంతమాత్రాన..."

"కూర్చోండి. నేను చెబుతాను. తప్పుంటే దిద్దండి."

లౌరీవల్ కూర్చోలేదు.

"నిన్న ఈ గదిలోకి వచ్చినప్పుడు నేను మనిషి గురించి ఆలోచించలేదు. చేపల గురించి ఆలోచించాను. మనిషిని చంపేటంత ఆవిరి ఈ గదిలో నిండింది. గాలి పంపు లోపలి అలమర మీదే ఉంటే, ఆ విషాన్నే పీల్చి పద్దెనిమిది ట్యాంకుల్లోకీ ఊదేది. ఒక్క చేప మిగిలేది కాదు. మరి చేపలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఎందుకంటే పంపు అప్పటికే వరండాలో ఉంది. బయటి గాలి ఊదుతోంది."

"బెలార్మీనోనే పెట్టుకుని ఉండొచ్చుగా," అన్నాడు ఒతాసీలియో. "జాగ్రత్త మనిషి కదా."

"నేనూ అదే అనుకున్నాను. కానీ చేపలకి మంచి గాలి కావాలని పంపును బయట పెట్టినవాడు, తనకి గాలి రావడానికి కిటికీ తెరుచుకోడా? చేపలు బతకాలి, మనిషి మాత్రం చావాలి అనుకున్నవాడే ఆ పంపును బయట పెట్టాడు."

దాల్వా తల ఎత్తింది.

"దాల్వా గారూ, మీ మాట విని మీ అన్నయ్య తలుపు వేసుకోలేదు. ఆయనకి జ్యూసులో నిద్రమందు కలిపి ఇచ్చారు. డబ్బా తెరిచిందీ, కిటికీలు బిగించిందీ, తలుపు మూసి వెళ్ళిందీ ఇంకొకరు. మీ పాపం ఇందులో ఇసుక రేణువంత కూడా లేదు."

దాల్వా రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంది.

"మనిషిని చంపి, చేపల్ని కాపాడుకునే అవసరం ఎవరికి?" జురేమా కొనసాగించింది. "క్లెబర్‌కి చేపలతో పనిలేదు. ఒతాసీలియోకి కావాలి, కానీ పైపు ఏ వైపు నుంచి పట్టుకోవాలో తెలీదు. పంపును బయటికి తేవాలంటే ఈ గోడలో రంధ్రానికి సరిపడే ముక్క ఒకటి ముందే తయారవ్వాలి. కొలత తెలియాలి. ఒక రోజు ముందే అతికించి ఆరబెట్టాలి. అంటే ఇది నిన్న కోపంలో చేసిన పని కాదు."

సంచిలోంచి పైపు ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"దీని మీద తేదీ లేదు, టైమ్ లేదు. బెలార్మీనో చేసింది కాదు. కానీ పనితనం ఆయనదే. మెరుపు పోయేదాకా గీకారు. పావు వంతు తిప్పిన గీత కనిపిస్తోంది. ఆయన దగ్గర శ్రద్ధగా నేర్చుకున్నవాళ్ళ చెయ్యి. క్లెబర్, నువ్వెప్పుడైనా పైపు గీకావా?"

"ఎప్పుడూ లేదు మేడమ్," అన్నాడు క్లెబర్ తొందరగా. "ఒట్టు! ఒక్కసారి కూడా లేదు!"

"ఒక్క పొరపాటు జరిగింది. బెలార్మీనో గ్లవ్స్ లేకుండా సొల్యూషన్ ముట్టడు. ఈ ముక్క చేసినవారు గ్లవ్స్ తొడుక్కోలేదు. పైకి ఉబికిన సొల్యూషన్‌ని బొటనవేలితో తుడిచారు. పంపు మీద ముద్రల్ని వాన కడిగేసింది. కానీ ఇది పైన అంటిన ముద్ర కాదు. కరిగిన ప్లాస్టిక్‌లో దిగి, దానితోపాటే గట్టిపడిన ముద్ర. వంద వానలు పడ్డా పోదు. మూడున్నరకి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. కుడి బొటనవేలు. మీది."

లౌరీవల్ తన చేతి వైపు చూసుకున్నాడు. అప్పుడు కూర్చున్నాడు.

"నదిలో పట్టిన చేపల్ని వాడి పేరు మీద అమ్మాను," అన్నాడు. గొంతులో ఏడుపు లేదిప్పుడు. "సంతకం నేనే పెట్టాను. మంగళవారం సాయంత్రం మా ఇంటికొచ్చాడు. తిట్టలేదు. సోమవారం దాకా టైమ్ ఇస్తున్నాను, పర్యావరణ శాఖకి వెళ్ళి నువ్వే చెప్పు, నేనూ నీతో వస్తాను అన్నాడు. నాతో వస్తాడట. నా చెయ్యి పట్టుకుని నన్ను జైల్లో దింపి వస్తాడు. మర్నాడు క్లెబర్ మా వీధిలో పనికొచ్చాడు. పెట్టె తెరిచి ఉంది."

"అయిదున్నరకి వచ్చి పంపును లోపల పెట్టేద్దామనుకున్నారు."

"ఆరింటిదాకా దాల్వా రాదనుకున్నాను."

"ఒక్క మాట," అంది జురేమా. "పంపును కదపకుండా ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. చేపలూ చచ్చేవి, కేసూ మూసుకునేది. ఎందుకు బయట పెట్టారు?"

లౌరీవల్ ఆమెను వింతగా చూశాడు. ఆ ప్రశ్న అతనికి అర్థం కానట్టు.

"అవేం పాపం చేశాయమ్మా?"

దాల్వా లేచింది. మూడడుగుల్లో అతని ముందుకు వచ్చి నిలబడింది. చెయ్యెత్తుతుందని వాల్దెసీర్ ముందుకు కదిలాడు. ఆమె చెయ్యెత్తలేదు.

"మా అన్నయ్య ఏం పాపం చేశాడు?"



4.52కి క్లెబర్ బేడీలు ఊడాయి. అవే లౌరీవల్ చేతులకు పడ్డాయి. క్లెబర్ మణికట్లు రుద్దుకుంటూ గేటు వైపు పరిగెత్తాడు. భార్య ఎదురొచ్చి ముందు అతణ్ణి కొట్టింది. తరవాత వాటేసుకుంది. ఒతాసీలియోని మాత్రం వాల్దెసీర్ కదలనివ్వలేదు. నూట నలభై చేపల కాగితాల గురించి స్టేషన్లో ఇంకా చాలా మాట్లాడాలి.

జురేమా కమిషనర్‌కి ఫోన్ చేసింది. "ఫైలు వస్తోంది సార్. యాక్సిడెంటూ కాదు, ప్లంబరూ కాదు."

జీపు మెట్టు మీద కాలు పెట్టి లౌరీవల్ వెనక్కి తిరిగాడు.

"దాల్వా, గుడ్లు ఇంకో రెండు రోజుల్లో పగులుతాయి. మగచేపను కదపకు. నీళ్ళు ముప్ఫై డిగ్రీలు దాటనివ్వకు. రోజుకి రెండుసార్లు..."

"ఎక్కు," అంది దాల్వా.

అతను ఎక్కాడు.